పది రూపాయలకు మనకు మెమో – వేల కోట్లకు ఎవరికి?

తపాలా కౌంటరులో నగదు పది రూపాయలు తగ్గినా, పార్సెల్ ఆఫీసులో ఒక మూట కనబడకపోయినా ఉద్యోగికి ఏమి జరుగుతుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కర లేదు. మొదట సంజాయిషీ, తరువాత ఛార్జిషీటు, ఆపైన జీతంలో కోత. నిర్లక్ష్యం వల్ల ప్రభుత్వానికి కలిగిన నష్టాన్ని ఉద్యోగి జీతం నుండి రాబట్టే అధికారాన్ని 1965 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల నియమావళి, 1968 నాటి రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ నియమావళి పై అధికారులకు ఇచ్చాయి. ప్రజాధనానికి లెక్క చెప్పాలన్న సూత్రాన్ని మేము ఎన్నడూ కాదనలేదు. ఆ సూత్రం కౌంటరు దగ్గరే ఎందుకు ఆగిపోతున్నదని మాత్రమే అడుగుతున్నాము.

భారతమాల మొదటి దశ క్రింద 34,800 కిలోమీటర్ల రహదారులకు రూ. 5,35,000 కోట్ల వ్యయాన్ని 2017లో ఆర్థిక వ్యవహారాల మంత్రివర్గ సంఘం ఆమోదించింది. అనగా కిలోమీటరుకు రూ. 15.37 కోట్లు. 2023 మార్చి నాటికి 26,316 కిలోమీటర్లకే రూ. 8,46,588 కోట్లు మంజూరైనట్లు అదే సంవత్సరం కాగ్ నివేదిక తేల్చింది. కిలోమీటరుకు రూ. 32.17 కోట్లు! ద్వారకా ఎక్స్‌ప్రెస్ రహదారికి కిలోమీటరుకు ఆమోదించిన రూ. 18.20 కోట్లు రూ. 250.77 కోట్లకు పెరిగింది. పద్నాలుగు రెట్లకు కొంచెమే తక్కువ.

18.20 కోట్లు దేశవ్యాప్త సగటు మాత్రమేనని, ద్వారకాలో ఎత్తు వంతెనలు, సొరంగం ఉన్నాయని, టెండర్లు అంచనా కంటే తక్కువకే ఖరారైనాయని మంత్రిత్వశాఖ సమాధానం. వంతెన మట్టిరోడ్డు ధరకు రాదని రైల్వే కార్మికునికి ఒకరు నేర్పవలసిన పని లేదు. కానీ ఎనిమిది వరుసల ఎత్తు రహదారి ఎందుకు అవసరమైనదో తెలిపే కారణం దస్త్రాలలో లేదని కాగ్ వ్రాసింది. ఈ ఆక్షేపణకు టెండరు ధర జవాబు కాజాలదు. అంచనానే పెంచిన తరువాత అందులో కొంత మిగిల్చామనడం పొదుపు కాదు.

రెండవది సెస్సు సంగతి. జయకర్ కమిటీ సిఫార్సుపై 1929లో ఏర్పడిన రోడ్డు నిధికి 2000లో చట్టరూపం వచ్చింది. గ్రామీణ రోడ్లకు, రాష్ట్ర రోడ్లకు, రైల్వే లెవెల్ క్రాసింగుల వంతెనలకు ఆ చట్టం వాటాలు నిర్ణయించింది. కనుక గేటు వద్ద రాత్రింబవళ్లు కాపలా కాసే గేట్‌మన్‌కు ఈ నిధి పరాయిది కాదు. పెట్రోలు పోయించుకునే ప్రతివాడూ ఈ సెస్సు చెల్లిస్తున్నాడు. అయినా 2018–19లో వసూలైన రోడ్డు సెస్సులో రూ. 10,157 కోట్లు నిధికి బదిలీ కాలేదని కాగ్ ఎత్తిచూపింది. సెస్సు రాష్ట్రాలకు పంచే పన్నులలోనికి రాదు. నిధికీ చేరక, రాష్ట్రానికీ దక్కకపోతే పల్లెరోడ్డు గుంట పూడేదెట్లా?

మూడవది టోలు. విస్తరణ పని గడువు దాటితే పూర్తయ్యేవరకు రుసుము వసూలు చేయరాదని నిబంధన. దానిని ప్రక్కన పెట్టి ఆంధ్రప్రదేశ్‌లోని నాథవలస వంటి చోట్ల వసూళ్లు సాగించినట్లు దక్షిణాది టోలు కేంద్రాలపై 2023 నాటి కాగ్ నివేదిక వెల్లడించింది. ఆ డబ్బు ఎవరి జీతం నుండి రాబట్టారు?

తనిఖీ అనేది కాంక్రీటు గట్టిపడిన తరువాత వచ్చే నివేదికగా మిగిలిపోరాదు. కావున మేము కోరుతున్నాము:

1. ఆమోదిత వ్యయం మించిన ప్రతి పథకాన్నీ కాంట్రాక్టు ఇవ్వకముందే పార్లమెంటు ముందుంచాలి.

2. వసూలైన సెస్సును ఆ సంవత్సరమే పూర్తిగా నిధికి జమచేయాలి.

3. మంజూరు, చెల్లింపు వివరాలను పనిస్థలంలో స్థానిక భాషలో ప్రకటించాలి. ఉపాధి హామీ పనులకు 2006లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సామాజిక తనిఖీని రోడ్లకూ వర్తింపజేయాలి.

4. అక్రమ వసూళ్లకు బాధ్యులైనవారు ఎంతటివారైనా చర్య తీసుకోవాలి.

ప్రతి శాఖ ఈ కోర్కెలపై తీర్మానం చేసి తమ పార్లమెంటు సభ్యునికి పంపవలసిందిగా విజ్ఞప్తి చేస్తున్నాము. పది రూపాయలకు లెక్క చెప్పే మనకు, వేల కోట్లకు లెక్క అడిగే హక్కు ఉన్నది.