లెక్కలోకి రాని చాకిరి

గురజాడ అప్పారావు జన్మించిన రాయవరం నేటి అనకాపల్లి జిల్లాలోనిది. ఆయన ‘కన్యాశుల్కం’ చదివినవారికి గిరీశం గుర్తున్నంతగా పూటకూళ్ళమ్మ గుర్తుండదు. నలుగురికి అన్నం వండిపెట్టి బతికే ఆమెకు చేసే పనే పేరైపోయింది. ఆమె అన్నం తిని, ఆమె సొమ్మునే వాడుకున్న గిరీశం మాటకారితనానికి పాఠకులు నవ్వుకుంటారు. ఆ అన్నం కోసం ఆమె ఎన్ని గంటలు పొయ్యి ముందు కూర్చున్నదో ఎవరూ తలచుకోరు. ఆ నాటకం అచ్చయి (1897) శతాబ్దం దాటినా, అన్నం అమ్మి బతికే కుటుంబాల పట్ల లోకం చూపు ఏమంత మారలేదు.

భర్త గల్లాపెట్టె దగ్గర, భార్య పెనం దగ్గర, బడి నుండి వచ్చిన పిల్లవాడు బల్లలు తుడుస్తూ కనిపించే చిన్న హోటలు అనకాపల్లిలో ఉంటుంది, లాస్ ఏంజిలిస్‌లోనూ ఉంటుంది. సొంత ఊళ్ళో అయితే ఒంట్లో బాగాలేనప్పుడు ఒక పూట ఆదుకోవడానికి చుట్టాలుంటారు. పరదేశంలో ఆ బరువంతా ఇంటిల్లిపాదే మోయాలి. అందుకే ఈ వృత్తిలోని కష్టసుఖాలు వలస వెళ్ళిన కుటుంబాలలో మరింత స్పష్టంగా కనిపిస్తాయి. ఇందుకు కొరియా వారి భోజనశాలలు చక్కని ఉదాహరణ.

కొరియా వంట తెలుగు నేలకు పూర్తిగా కొత్తది కాదు. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. దానితోపాటు వచ్చిన కొరియా ఉద్యోగుల కోసం ఆ ప్రాంతంలో కొరియా లిపిలో బోర్డులు పెట్టిన భోజనశాలలు వెలిశాయి. అయితే ఆ ఉద్యోగులలో చాలామంది కొన్నేళ్ళు పనిచేసి తిరిగి వెళ్ళేవారే. స్వదేశానికి మరలే ఆలోచన మానుకొని స్థిరపడినవారి కథ తెలియాలంటే అమెరికా వైపు చూడాలి.

1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చిన తరువాత దక్షిణ కొరియా నుండి వేలాది కుటుంబాలు లాస్ ఏంజిలిస్, న్యూయార్క్ వంటి నగరాలకు చేరాయి. వారిలో పట్టభద్రులు ఎందరో ఉన్నారు. ఆంగ్లం అంతగా రాకపోవడం వల్ల, స్వదేశపు పట్టాలకు అక్కడ విలువ లేకపోవడం వల్ల చదువుకున్నవారు సైతం చిన్న దుకాణాలు, భోజనశాలలు పెట్టుకోవలసి వచ్చింది. బ్యాంకులు అప్పివ్వని చోట ‘గ్యే’ వారిని ఆదుకుంది. గ్యే అంటే మరేమీ కాదు, తెలుగువారు వేసుకొనే చీటీ వంటిదే. కొందరు చేరి నెలనెలా కొంత సొమ్ము వేస్తారు. ఒక్కొక్క నెల ఒక్కొక్కరు ఆ మొత్తం తీసుకుంటారు. అక్కడ పూచీకత్తు పరువే.

పెట్టుబడి అలా సమకూరింది. మరి పనివారు? ఇంటివారే పనివారు.

కొరియా భోజనంలో అన్నంతోపాటు చిన్న చిన్న గిన్నెలలో ‘బంచాన్’ అనే ఆధరువులు వడ్డిస్తారు. సాధారణంగా వాటికి వేరే వెల ఉండదు. అయిపోతే మళ్ళీ పెడతారు. వాటిలో ముఖ్యమైనది కిమ్చి. క్యాబేజీని ఉప్పులో ఊరబెట్టి, కడిగి, వడకట్టి, కారం, వెల్లుల్లి, అల్లం కలిపిన ముద్దను ఆకు ఆకుకూ పట్టించి పులియనివ్వాలి. చలికాలానికి ముందు ఇరుగుపొరుగు కూడి కిమ్చి పెట్టుకొనే ఆచారాన్ని 2013లో యునెస్కో మానవజాతి వారసత్వ సంపదగా గుర్తించింది. ఆవకాయ రోజుల్లో ఇంటి సందడి ఎరిగినవారికి ఇది వేరుగా వివరించనక్కరలేదు. (ఆ రెండింటికీ ప్రాణమైన మిరప ఆసియాకు అమెరికా ఖండం నుండే రావడం ఒక వింత.) కాని ఆవకాయ ఏడాదికి ఒకసారి పెట్టేది. భోజనశాలలో కిమ్చి జాడీ ఎప్పటికప్పుడు నింపవలసిందే. ఆ పని తల్లిదో, అమ్మమ్మదో అవుతుంది. దానికి జీతం ఉండదు. వెల లేని ఆధరువు వెనుక వెల కట్టని చాకిరి ఉంది.

పిల్లల సంగతీ అంతే. వారు పళ్ళాలు కడగడమే కాదు, తల్లిదండ్రులకు దుబాసీలు కూడా. నగరపాలక సంస్థ నోటీసు, పన్నుల కాగితం, కోపగించిన గిరాకీ మాట, అన్నింటినీ పన్నెండేళ్ళ పిల్ల అనువదించి చెప్పాలి. ఇందులో నేర్పు అబ్బుతుంది, నిజమే. బాల్యంలో కొంత భాగం పోతుందన్నదీ నిజమే.

ఇంత శ్రమ ఒక్క రోజులో బుగ్గి కావచ్చునని 1992 ఏప్రిల్ 29న మొదలైన లాస్ ఏంజిలిస్ అల్లర్లు చూపాయి. ఒక నల్లజాతి యువకుణ్ణి కొట్టిన పోలీసులను న్యాయస్థానం నిర్దోషులుగా విడిచిపెట్టినందుకు చెలరేగిన ఆగ్రహం, ఆ తీర్పుతో ఏ సంబంధమూ లేని కొరియావారి దుకాణాల మీద కూడా పడింది. వారి వ్యాపారాలు రెండువేలకు పైగా దెబ్బతిన్నాయి. సరైన బీమా లేక ఎందరో మళ్ళీ తలుపులు తెరవలేకపోయారు.

కుటుంబంలో జీతాల ప్రసక్తి ఏమిటని కొందరు ఆక్షేపిస్తారు. ఇంటివారి చేయూత లేనిదే ఆ భోజనశాలలు పుట్టేవే కావని అంటారు. ఆ మాటను కాదనలేము. అయితే బియ్యం, నూనె, అద్దె పద్దు పుస్తకంలోకి ఎక్కినప్పుడు పని గంటలు మాత్రం ఎందుకు ఎక్కకూడదు? చవకగా దొరికే ఆ భోజనానికి గిరాకీలు చెల్లించని భాగాన్ని ఇల్లాలే చెల్లిస్తున్నది. అటువంటి భోజనశాల మూతపడితే పాత గిరాకీలు ‘పిల్లలు తల్లిదండ్రుల వృత్తిని నిలబెట్టలేదు’ అని నిట్టూరుస్తారు. ఆ నింద అన్యాయమైనది. పిల్లలు వైద్యులో, న్యాయవాదులో కావాలనే చాలామంది తల్లిదండ్రులు పొయ్యి ముందు నిలబడ్డారు. ఆ కోరిక నెరవేరిన రోజున భోజనశాలకు తాళం పడటం ఓటమి ఎలా అవుతుంది?

వారసత్వం అంటే గల్లాపెట్టె ముందు కూర్చోవడమే కానక్కరలేదు. ప్రసిద్ధ వంటవాడు రాయ్ చోయ్ తల్లిదండ్రులు కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో ‘సిల్వర్ గార్డెన్’ అనే భోజనశాల నడిపారు. కొన్నేళ్ళకు అది మూతపడింది. వారు నగల వ్యాపారంలోకి మళ్ళారు. కుమారుడు 2008లో కొరియా పద్ధతిలో వండిన మాంసాన్ని మెక్సికో రొట్టెలో చుట్టి, ‘కోగి’ అనే బండి మీద లాస్ ఏంజిలిస్ వీధుల్లో అమ్మాడు. అది అతడు తనంతట ఎంచుకొన్న దారి.

ఇల్లాలి విషయంలో మాత్రం లెక్క రాయకపోవడం ముసలితనంలో నేరుగా తగులుతుంది. అమెరికాలో వృద్ధాప్య పింఛను కాగితం మీద కనిపించే సంపాదనను బట్టి వస్తుంది. సొంత పింఛనుకు సాధారణంగా పదేళ్ళ సంపాదన నమోదై ఉండాలి. ముప్పై ఏళ్ళు కిమ్చి పెట్టినా జీతం రాయించుకోని ఇల్లాలికి భర్త పింఛనును ఆధారం చేసుకొని వచ్చే భాగమే దిక్కు. అనకాపల్లిలో భర్త హోటలులో దోసెలు పోసే ఇల్లాలికి ఆ భాగమైనా లేదు.