రాజధాని లెక్క తెగింది, నీళ్ల లెక్క ఎప్పుడు తెగుతుంది?



మా తిరుమలగిరి నుంచి బోయినపల్లి మార్కెట్ ఎంతో దూరం లేదు. అక్కడ టమాట, బెండకాయ దించి చాయ్ తాగే రైతుల నోట ఈ మధ్య అమరావతి ముచ్చట ఎక్కువైంది. "పదేళ్లు దాటినా ఆంధ్రోళ్లకు రాజధాని తేలలేదు, మనకు హైదరాబాద్ ఉంది" అని కొందరు నవ్వుతున్నరు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అక్కడ నష్టపోయింది మనలాంటి రైతే. హైదరాబాద్ మనకు దక్కిందని సంబరపడే మనం, దాంతోపాటు దక్కాల్సినవి దక్కినయా అని అడగడం మానేసినం.

పాత ఒప్పందాలు తీసి చూడండి. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. రాజధాని, హైకోర్టు, ఈ రెండింట్లో ఏది కావాలో రాయలసీమ కోరుకోవచ్చని అందులో రాసుకున్నరు. అది అందరికీ గుర్తుంది, ఇప్పటికీ సభల్లో చదువుతరు. అదే ఒడంబడికలో ఇంకో మాట ఉంది. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, సీమ అవసరాలనే ముందు చూడాలని. ఈ మాట ఎత్తేటోళ్లు తక్కువ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది, ఆఫీసులు గుడారాల్లో నడిచినయి. మూడేళ్లకే రాజధాని హైదరాబాద్‌కు వచ్చింది. తర్వాత కర్నూలు రైతుకు మిగిలిందేమిటంటే శ్రీశైలం ముంపు. కృష్ణకు ఆవలి ఒడ్డున కర్నూలు ఊళ్లు, ఈవలి ఒడ్డున మన పాలమూరు ఊళ్లు కలిసి మునిగినయి. ముంపుకు ప్రాంతం తేడా లేదు.

మన సంగతి కూడా అంతే. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. ఉద్యోగాలు, నిధుల షరతుల మీద 1969లో విద్యార్థులు ప్రాణాలిచ్చిన్రు. కానీ అందులో వ్యవసాయ భూముల గురించి ఒక షరతు ఉందని ఎంతమందికి తెలుసు? తెలంగాణ ప్రాంతంలో వ్యవసాయ భూముల అమ్మకాల మీద ప్రాంతీయ మండలికి అదుపు ఉండాలని రాసిన్రు. హైదరాబాద్ చుట్టూ ఉన్న పొలాల్లో ఇప్పుడేం మొలుస్తున్నదో మేడ్చల్ రోడ్డు మీద ఒకసారి పోయి చూడండి, ఆ షరతు గతి తెలుస్తది.

2014 విభజన చట్టం కూడా ఇదే దారి. ఐదో సెక్షన్‌లో హైదరాబాద్ పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని అన్నరు. దాని మీద పార్లమెంటులో ఎంత రచ్చ జరిగిందో అందరం టీవీల్లో చూసినం. 2024 జూన్ 2తో ఆ గడువు ముగిసింది, ఎవరి రాజధాని వాళ్లదయింది. కృష్ణా నీళ్ల మాటేమిటి? ఉమ్మడి రాష్ట్రానికి వచ్చిన 811 టీఎంసీల్లో తెలంగాణకు 299, ఆంధ్రప్రదేశ్‌కు 512 అని 2015లో తాత్కాలికంగా రాసుకున్నరు. ఆ తాత్కాలికమే ఏండ్ల తరబడి నడిచింది. 2023 అక్టోబరులో గానీ కేంద్రం బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు పంపకం పని అప్పజెప్పలేదు. పట్నం లెక్క గడువుతో సహా చట్టంలో రాసినోళ్లు, పొలం లెక్కకు గడువు రాయలేదు. ఇది మరిచిపోయి జరిగిన పని అని నేను నమ్మను.

ఇక అమరావతి. రాజధాని ఎక్కడ ఉండాలో చూడమని వేసిన శివరామకృష్ణన్ కమిటీ విజయవాడ, గుంటూరు మధ్య మంచి సాగుభూముల జోలికి పోవద్దనే ధోరణిలో 2014లోనే చెప్పింది. వినలేదు. 2015లో ల్యాండ్ పూలింగ్ పేరుతో దాదాపు 34 వేల ఎకరాలు తీసుకున్నరు. జరీబు భూమికి ఎకరానికి 1000 గజాల ఇంటి స్థలం, 450 గజాల వ్యాపార స్థలం, ఏడాదికి 50 వేల కౌలు అన్నరు. అరటి, కూరగాయలు, పూలు పండే భూమి అది. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. భూమి ఇచ్చిన రైతు అటు పొలం లేక, ఇటు ప్లాటు లేక నాలుగేళ్లకు పైగా టెంట్ల కింద కూర్చున్నడు. ఆడవాళ్లు తిరుపతి దాకా నడిచిన్రు. 2022 మార్చి 3న హైకోర్టు రైతుల పక్షాన తీర్పు ఇచ్చింది. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్లీ మొదలుపెట్టిన్రు. మొదలుపెట్టంగనే ఇంకా వేల ఎకరాలు కావాలన్న మాట!

కర్నూలుకు హైకోర్టు కావాలన్న సీమ ప్రజల కోరిక న్యాయమైందే, దాన్ని నేను కాదనను. విశాఖ వాళ్లకూ కోరికలుంటయి. కానీ ఒక ప్రభుత్వం భూమి తీసుకుని చేసిన ఒప్పందాన్ని ఇంకో ప్రభుత్వం ప్రాంతం పేరు చెప్పి గాలికొదిలేస్తే, రేపు ఏ రైతు ఏ సర్కారు కాగితాన్ని నమ్మాలె? పూలింగ్‌లో పట్టాదారుకు ప్లాటన్నా రాసిన్రు. కౌలుదారుకు అదీ లేదు. భూమిలేని కూలి కుటుంబానికి నెలకు 2500 పింఛను అన్నరు. ఏడాది పొడుగునా పూలతోటలో పని దొరికే చోట ఆ డబ్బు ఏ మూలకు?

మన దగ్గర వేరుగా ఉందనుకుంటే పొరపాటు. యాచారం, కందుకూరు వైపు ఫార్మాసిటీ పేరుతో భూములు తీసుకున్నరు, ఇప్పుడు అటే ఫ్యూచర్ సిటీ అంటున్నరు. మల్లన్నసాగర్ కాడ 2013 భూసేకరణ చట్టాన్ని పక్కనపెట్టి 123 జీవో తెచ్చిన్రు. సొంత రాష్ట్రం వచ్చినంక జరిగిన పనులివి, ఆంధ్రోళ్ల మీద నెట్టడానికి లేదు.

రెండు రాష్ట్రాల రైతు సంఘాలు కలిసి అడగాల్సినవి ఉన్నయి. 2013 చట్టం పదో సెక్షన్ ప్రకారం రెండు మూడు పంటలు పండే సాగునీటి భూమిని చివరి గతి అయితే తప్ప ముట్టొద్దు. పూలింగ్ ఒప్పందంలో ప్లాటు ఇచ్చే తేదీ, తప్పితే కట్టాల్సిన పరిహారం రాయాలె, ప్రభుత్వం మారినా అది చెల్లాలె. కౌలుదారుల పేర్లు గ్రామసభలో చదివి జాబితాలో ఎక్కించాలె. కృష్ణా పంపకానికి గడువు పెట్టాలె. వచ్చే మండల సమావేశాల్లో ఈ నాలుగూ తీర్మానం చేసి పంపండి. గుంటూరు, కర్నూలు జిల్లాల రైతు సంఘాలకు కూడా ఒక ప్రతి పంపుదాం.