మేడమ్ వచ్చింది, సార్ వచ్చారు

చాలాకాలంగా రాయాలనుకుంటూ, రాస్తే నా తప్పు కూడా చెప్పుకోవలసి వస్తుందని వాయిదా వేస్తూ వచ్చిన సంగతి ఇది. కొంచెం ఓపికగా చదవండి.

మా ఆఫీసులో ఉదయం తొమ్మిదిన్నరకు కాఫీ మిషను దగ్గర నిలబడి చెవి ఒగ్గితే రెండు వాక్యాలు వినబడతాయి. "సార్ వచ్చారు." "మేడమ్ వచ్చింది." ఇద్దరిదీ ఒకే హోదా, పక్కపక్క గదులు. ఆ రెండు మాటలూ అన్నది ఒక్క మనిషే. ఆయనకు 'రు' దక్కింది, ఆవిడకు 'ది' దక్కింది.

వ్యాకరణం చదువుకున్న మిత్రులు వెంటనే చిన్నయసూరిని పిలుచుకొస్తారని తెలుసు. మహత్తు, మహతీ, అమహత్తు అనే విభాగం ఉండనే ఉంది; స్త్రీ ఏకవచనంలో చెట్టుతోనూ పిల్లితోనూ, బహువచనంలో పురుషుడితోనూ చేరుతుంది; 'ఆమె వచ్చింది' అనడంలో అవమానమేమీ లేదు, భాష స్వభావమే అంత అంటారు. ఒప్పుకుంటాను. కానీ 'ఆవిడ వచ్చారు' అనడానికి అదే వ్యాకరణం అడ్డు రాదు గదా! గౌరవ బహువచనం ఇద్దరికీ తెరిచి ఉన్న తలుపే. తెలంగాణ పలుకుబడిలో సార్ కూడా 'వచ్చిండు', అందులో అమర్యాద వెతకడం అవివేకం. (మాండలికాల గొడవలోకి దయచేసి వెళ్ళకండి.) ఒకే నోట, ఒకే గదిలో, ఒకరికి ఇచ్చినది మరొకరికి ఎందుకివ్వరన్నదే నా ప్రశ్న.

"ఇంట్లో అమ్మ వచ్చింది, నాన్నగారు వచ్చారు అంటాం. అంతమాత్రాన అమ్మ మీద ప్రేమ తక్కువా?" అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. ప్రేమ తక్కువ కాదు నాయనా, భయం తక్కువ. అమ్మ మాట విననట్టు ఊరుకోవచ్చు, నాన్న మాట విని తీరాలి. ఈ ఇంటి ఏర్పాటునే మనం టిఫిన్ డబ్బాతోపాటు ఆఫీసుకూ మోసుకొస్తున్నాం. ఆవిడ చెబితే 'చూద్దాంలే', ఆయన చెబితే 'ఇప్పుడే చేస్తాను సార్'.

ఇక నా తప్పు సంగతి. 2012లో నా కింద ఇద్దరు ప్రాజెక్టు మేనేజర్లు ఉండేవారు, ఒకాయన, ఒకావిడ. ఆయన మీటింగులో బల్ల చరిచి "ఇది కుదరదు" అనేవారు. ఆవిడ బల్ల చరవకుండానే "ఇది కుదరదు" అనేవారు. అక్టోబరులో వార్షిక సమీక్ష రాస్తూ ఆయన గురించి 'ఉన్నదున్నట్టు చెప్పగల ధైర్యం' అన్నాను. ఆవిడ గురించి 'పనిలో వంక లేదు, మాటతీరు మెరుగుపరచుకోవాలి' అన్నాను. ఆ వాక్యం రాసింది నేనే, పైనుంచి ఎవరూ రాయించలేదు.

ఆవిడ ఆ కాగితం పట్టుకుని నా గదికి వచ్చారు. "ఏ రోజున, ఎవరితో, ఏ మాట అన్నానో చెప్పండి. తప్పకుండా మార్చుకుంటాను" అన్నారు. ఎంత తడుముకున్నా ఒక్కటీ గుర్తు రాలేదు. "మొత్తం మీద అలాంటి అభిప్రాయం ఉందండీ" అన్నాను. "ఎవరికి?" అని అడిగారు. "అందరికీ" అన్నాను. ఆ 'అందరూ' కాఫీ తాగుతూ నా దగ్గర సణిగిన ఇద్దరు మగవాళ్ళని ఆవిడకు చెప్పలేదు.

మరుసటి నెల ఆవిడను 'మహిళా నాయకత్వం, సంభాషణ నైపుణ్యం' అనే రెండు రోజుల శిక్షణకు పంపాం. మాట్లాడేముందు నవ్వమన్నారట. 'కాదు' అనే బదులు 'ఇంకోలా చూద్దామా' అనమన్నారట. చెప్పదలచుకున్నది ప్రశ్నగా మార్చమన్నారట. బుద్ధిమంతురాలు, అన్నీ పాటించారు. ఆ తరువాత ఒక బీమా కంపెనీ పని వచ్చింది, గడువు మార్చి 31. అది దాటిపోతుందని జనవరిలోనే ఆవిడకు అర్థమైంది. "తేదీ విషయం మరొకసారి చూసుకుంటే బాగుంటుందేమో?" అని నవ్వుతూ అన్నారు. మేమూ నవ్వుతూ తలలూపి ఊరుకున్నాం. పని జూన్‌లో పూర్తయింది. తప్పెవరిదో తేల్చే మీటింగులో, బల్ల చరిచే ఆయనే, "ముందే గట్టిగా చెప్పవలసింది గదా మేడమ్!" అన్నారు. నేను ఆ గదిలోనే ఉన్నాను, నోరు మెదపలేదు. ఆ ఏడే ఆవిడ ఉద్యోగం మానేశారు.

ఇది మనవాళ్ళ జబ్బు మాత్రమే అనుకోకండి. అమెరికాలో ఆన్ హాప్కిన్స్ అనే ఆవిడ ప్రైస్ వాటర్‌హౌస్ అనే అకౌంటింగు సంస్థలో పనిచేసేవారు. 1982లో భాగస్వామి పదవికి 88 పేర్లు పరిశీలనకు వచ్చాయి, వాటిలో స్త్రీ పేరు ఆవిడది ఒక్కటే. అప్పటికే ఉన్న 662 మంది భాగస్వాముల్లో స్త్రీలు ఏడుగురు. దాదాపు 2.5 కోట్ల డాలర్ల ప్రభుత్వ కాంట్రాక్టు తెచ్చిపెట్టడంలో ముందు నిలిచిన మనిషిని పట్టుకుని, నాజూకు నేర్పే బడికి వెళ్ళాలని ఒక భాగస్వామి రాశాడు. నడకా మాటా దుస్తులూ ఆడతనంగా ఉండాలని, ముఖానికి మేకప్పు వేసుకుని, జుట్టు ముస్తాబు చేసుకుని, నగలు పెట్టుకోవాలని మరొకాయన హితవు చెప్పాడు. 1989లో ఆ దేశపు సుప్రీంకోర్టులో జస్టిస్ బ్రెనన్ దీన్ని చక్కగా ఉతికి ఆరేశాడు. మాటతీరులోని లోపం లేతరంగు సూటుతోనో కొత్త లిప్‌స్టిక్‌తోనో సరిపోతుందంటే, వంక మాటతీరులో కాక ఆమె ఆడదై పుట్టడంలోనే ఉందేమో అన్నాడు. ఉద్యోగానికి దూకుడు కావాలి, ఆడదానికి దూకుడు కూడదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కోర్టు ఆజ్ఞతో 1990లో ఆవిడకు భాగస్వామ్యం దక్కింది.

మనకూ చట్టాలున్నాయి. 2013 కంపెనీల చట్టం 149వ సెక్షను లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో కనీసం ఒక మహిళ ఉండాలంది. కొందరు యజమానులు భార్యనో కూతురినో కూర్చోబెట్టి చేతులు దులుపుకున్నారు. ఇక లాభం లేదని సెబీ పెద్ద కంపెనీల్లో ఆ మహిళ స్వతంత్ర డైరెక్టరై ఉండాలని నిబంధన పెట్టింది, 2019 ఏప్రిల్ నుంచి మొదటి 500 కంపెనీలకు, 2020 ఏప్రిల్ నుంచి మొదటి 1000కి. కుర్చీ వేయించడం వరకే చట్టం పని. ఆ కుర్చీలోంచి వచ్చే మాటకు 'చూద్దాంలే' అనేవాడిని ఏ సెక్షనూ పట్టుకోలేదు.

అందుకే ఈ శిక్షణ వ్యాపారం మీద నాకింత మంట. 'ఆడపెత్తనం' అని ఎగతాళిగా అనడం చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మగవాడు చేసేదాన్ని ఉత్త 'పెత్తనం' అంటారు, ముందు మరో మాట తగిలించరు. తగిలింపు ఉన్నవాళ్ళకే రెండు రోజుల తరగతులు. వినేవాళ్ళకు తరగతి పెడితే ఎవరూ డబ్బు కట్టరు కాబోలు, అలాంటిది ఒక్కటీ నా కంటపడలేదు. పోనీ శిక్షణ పనికొచ్చిందా అంటే, నిక్కచ్చిగా మాట్లాడే మేనేజరు నోట ప్రశ్నార్థకాలు పెట్టించి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా లేచి వెళ్ళాం. గడువు మింగింది మేము.

ఇప్పుడు మా దగ్గర ఒక పద్ధతి పెట్టాను. ఎవరి మాటతీరు గురించైనా సమీక్షలో రాస్తే, అన్న తేదీ, అన్న మాట కూడా రాయాలి. అదే మాట పక్క గది సార్ అని ఉంటే ఏమని రాసేవారో దాని కింద రాయాలి. మొదటిసారి మూడు కాగితాలు వెనక్కి పంపాను. రెండింటిలో ఆ వాక్యం కొట్టేసి ఇచ్చారు. మూడోది ఇంకా తిరిగి రాలేదు.