నడవనిస్తారు, కూర్చోనివ్వరు

2023 నవంబరులో, హవాయి దీవుల్లో ఒకటైన మావీలో, కానపాలి బీచ్ మీద కొన్ని గుడారాలు లేచాయి. గుడారాల వెనక వరసగా హోటళ్ళు, సెలవులకు అద్దెకిచ్చే ఖరీదైన ఇళ్ళు వున్నాయి. ముందు ఇసుకలో గాలాల కర్రలు పాతి వున్నాయి. గుడారాల్లో వున్నవాళ్ళు సరదాకి వచ్చిన యాత్రికులు కారు. ఆ ఏడాది ఆగస్టు 8న పక్కనే వున్న లహైనా పట్టణం కాలిపోయింది. నూరు మందికి పైగా చనిపోయారు. రెండు వేలకు మించి కట్టడాలు బూడిదయ్యాయి. మిగిలినవాళ్ళలో వేలాదిమందిని హోటల్ గదుల్లో పెట్టారు. ఒక గదిలో సర్దుకునే లోపే మరో గదికి మారమనేవారు. ఊళ్ళో ఇళ్ళు లేక కాదు ఇదంతా. వున్న ఇళ్ళలో వేలాది ఇళ్ళు యాత్రికులకు రోజువారీ అద్దెకిచ్చేవి, ఎక్కువ భాగం ఆ ద్వీపంలో నివసించని యజమానులవి.

మరి ఆ గాలాలెందుకు? బీచ్ మీద అనుమతి లేకుండా గుడారం వేసుకుంటే నేరం. చేపలు పట్టేవాళ్ళు మాత్రం రాత్రింబవళ్ళు ఒడ్డున వుండవచ్చు. అందుకని ఇళ్ళు కాలిపోయినవాళ్ళు, వాళ్ళకు తోడుగా వచ్చినవాళ్ళు గాలం పట్టుకుని కూర్చున్నారు. తమ ఉద్యమానికి 'ఇళ్ళ కోసం గాలం' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. నెలల తరబడి అలాగే వున్నారు. చివరికి 2024 మేలో ఆ కౌంటీ మేయరు, సుమారు ఏడు వేల యాత్రికుల అద్దె ఇళ్ళను క్రమంగా స్థానికుల నివాసానికి మళ్ళించాలనే ప్రతిపాదన ముందుకు తెచ్చాడు. యజమానులు గట్టిగా ఎదురు తిరిగారు.

నేను హవాయి చూడలేదు. తీర్పులు, పత్రికలు చదివి తెలుసుకున్నదే ఇదంతా. అయినా ఆ గాలాల సంగతి చదివినప్పుడు, విశాఖకూ భీమిలికీ మధ్య ఒక మత్స్యకార పల్లెలో పెద్దవయసు స్త్రీ నాతో అన్న మాట గుర్తుకొచ్చింది. అప్పటికి నా ఫీల్డ్‌వర్కు మొదలై పదిరోజులు కూడా కాలేదు. వాళ్ళు నెత్తళ్ళు ఎండబెట్టుకునే ఇసుక దిబ్బ పక్కన ఒక పెద్ద కట్టడం వచ్చింది. దారి మూసేశారా అని అడిగాను, పుస్తకాల్లో నేర్చుకున్న ప్రశ్న కదా. ఆవిడ నవ్వింది. "నడవొద్దని ఎవులన్నారమ్మా? నడవమంతారు. కూకోవద్దంతన్నారు."

ఈ తేడా నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. తీరం మీద హక్కు అనగానే చట్టం తెలిసినవాళ్ళం మనమంతా దారి గురించే మాట్లాడతాం. హవాయి చట్టం ఆ విషయంలో చాలా ముందుంది. 1968లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, అల ఎంతవరకు ఎక్కి వస్తుందో అంతవరకూ భూమి ప్రజలదేననీ, ఇంటి యజమాని హద్దు దానికి పైన మొదలవుతుందనీ తేల్చింది. అల ఎక్కిన గుర్తు ఎలా తెలుస్తుంది? పచ్చిక మొదలయ్యే అంచును బట్టి, లేదా అల తెచ్చి పడేసిన చెత్త గీతను బట్టి. ఇక్కడ యజమానులకు ఒక ఉపాయం దొరికింది. నౌపాక అనే పొదను ఇంటిముందు నాటి, నీళ్ళు పెట్టి, సముద్రం వైపు పాకించారు. పొద జరిగితే హద్దు జరుగుతుంది. నాటిన మొక్కలు హద్దు కావనీ, ఏడాది మొత్తంలో అల ఎక్కువగా ఎక్కిన చోటే హద్దనీ 2006లో కవాయి ద్వీపానికి చెందిన కేసులో అదే కోర్టు చెప్పవలసి వచ్చింది. దారికి అడ్డుగా పెంచిన మొక్కలను యజమానులే తొలగించాలని 2010లో చట్టం కూడా చేశారు. రాత్రికి రాత్రి పొలం గట్లు జరిగిపోవడం చూసిన మనకు ఇందులో వింతేమీ వుండదు.

ఇంత చేసినా ఆ చట్టం కాపాడింది ముఖ్యంగా వచ్చి పోయేవాళ్ళ హక్కునే. సాయంత్రానికి తిరిగి వెళ్ళడానికి ఇల్లున్న మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసిన హక్కు అది. పొద్దుపోయాక కూడా అక్కడే వుంటే 'ప్రజలు' కాస్తా 'క్యాంపర్లు' అయిపోతారు.

ఆ క్యాంపర్లు ఎవరో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1848లో అక్కడ భూమిని ప్రైవేటు ఆస్తిగా పంచినప్పుడు, దాన్ని దున్ని బతికిన సామాన్యులకు చివరికి దక్కింది మొత్తంలో ఒక శాతం కంటే తక్కువ. 1893లో లిలియువొకలాని రాణిని అమెరికన్ వ్యాపారులూ తోటల యజమానులూ, ఒడ్డుకు దిగిన అమెరికా నావికాసైనికుల అండతో కూలదోశారు. 1898లో దీవులను అమెరికాలో కలుపుకున్నారు. 1993లో అమెరికా కాంగ్రెసు క్షమాపణ చెబుతూ తీర్మానం చేసింది. పద్దెనిమిది లక్షల ఎకరాలు స్థానికుల అంగీకారం, పరిహారం లేకుండా తీసుకున్నట్టు అందులో ఒప్పుకుంది. తీర్మానం వచ్చింది గాని భూమి రాలేదు. 1921 నాటి చట్టం కింద ఇళ్ళ స్థలాల కోసం అర్జీ పెట్టుకున్నవాళ్ళ జాబితాలో వేలాదిమంది వున్నారు. సగం హవాయి రక్తం వుందని రుజువు చేసుకున్నా సరే, ఎదురుచూస్తూనే చనిపోయినవాళ్ళు ఎందరో. 1996 జూన్‌లో ఒవాహు ద్వీపంలోని మకువా తీరం నుంచి పోలీసులు వందలాదిమందిని ఖాళీ చేయించారు. వాళ్ళలో అధికభాగం ఈ భూమి పుత్రికలూ పుత్రులే. వాళ్ళ తాతల ఊళ్ళున్న మకువా లోయను రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైన్యం తీసుకుని మళ్ళీ ఇవ్వలేదు. సొంత ఊరి ముందున్న ఇసుక మీద వాళ్ళు 'అక్రమ క్యాంపర్లు' అయ్యారు.

అదే తీరంలో, వాయనాయి పడవల రేవు పక్కన, రెండు వందల మందికి పైగా వున్న ఒక గుడారాల బస్తీ చాలా ఏళ్ళు నడిచింది. దానికి నాయకురాలు ట్వింకిల్ బోర్జ్ అనే స్థానిక స్త్రీ. బస్తీని విభాగాలుగా చేసి, ఒక్కో దానికి ఒక బాధ్యురాలినో బాధ్యుణ్ణో పెట్టారు. నిబంధనలు రాసుకున్నారు. 2018లో ప్రభుత్వం ఖాళీ చేయిస్తానంటే చెదిరిపోకుండా నిలబడ్డారు. విరాళాలు పోగుచేసి 2020లో లోపలి లోయలో ఇరవై ఎకరాలు కొన్నారు. మన సంఘాలు ఆమె గురించి తెలుసుకోవాలి. ఎందుకంటే ఇల్లు లేనిచోట కూడా ఇల్లు నడిపే పని ఆడవాళ్ళ మీదే పడుతుంది. నీళ్ళు, వంట, పిల్లల బడి, చీకటి పడ్డాక కాపలా, అన్నీ. ఆ పనికి గోడలు లేవు కాబట్టి దాన్ని కాపురం అనరు, ఆక్రమణ అంటారు.

ఇంటి యజమానుల వైపు నుంచి కూడా చూడకపోతే మోసం చేసినట్టే. మరుగుదొడ్డి లేక ఇసుకంతా పాడవుతుందనీ, రాత్రిళ్ళు తాగి గొడవలవుతాయనీ, ఒంటరిగా వుండే వృద్ధురాలు తలుపు తీయాలంటే భయపడుతుందనీ వాళ్ళంటారు. ఇది కల్పితం కాదు. మావీలో ఒక్క చిన్న ఫ్లాటు మీద వచ్చే అద్దెతో రోజులు వెళ్ళదీసే స్థానిక స్త్రీలూ వున్నారు. కాని భయానికి మందు మరుగుదొడ్డి, దీపం, నీటి పంపు అయినప్పుడు పోలీసు వ్యాను ఎందుకు వస్తుందన్నదే నా ప్రశ్న. గుడారంలో పడుకున్న స్త్రీకి కూడా రాత్రంటే భయమే, ఆమెకు గడియ పెట్టుకోవడానికి తలుపు కూడా లేదు. 2024 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు, ఆరెగన్ రాష్ట్రంలోని గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో, వెళ్ళడానికి చోటు లేనివాళ్ళను కూడా బయట పడుకున్నందుకు శిక్షించవచ్చని చెప్పింది. అక్కడ నిబంధన ప్రకారం దుప్పటి పరిచినా క్యాంపే.

ఇక మన తీరం. ఇక్కడ సంఘర్షణ గుడారాలకూ ఇళ్ళకూ మధ్య కాదు. చేపల గంపకూ ప్రహరీగోడకూ మధ్య. అయినా తర్కం ఒకటే. మగవాళ్ళ పని నీళ్ళ మీద. వాళ్ళకు కావలసింది పడవ దింపడానికి కొంత జాగా, ఇంటికి దారి. ఆడవాళ్ళ పని ఒడ్డు మీద. చేపల పాట దగ్గర గంటలకొద్దీ కాచుకోవాలి, పాడుకున్న చేపను వేరు చేయాలి, ఉప్పు పట్టించాలి, ఎండలో పరిచి కాకులనూ కుక్కలనూ తోలుతూ కూర్చోవాలి. తడి ఇసుక మీద చేప ఎండదు. అల ఎక్కని పొడి ఇసుకే కావాలి. రిసార్టులకు కుర్చీలు వేసుకోవడానికి, ఇళ్ళకు తోట పెంచుకోవడానికి కావలసింది కూడా సరిగ్గా ఆ పొడి ఇసుకే. కాబట్టి 'తీరానికి అందరికీ దారి వుంది' అన్నప్పుడు మగవాడి హక్కు కొంతవరకు మిగులుతుంది, ఆడదాని హక్కు మొత్తం పోతుంది. ఆమె పని చేసే చోటును చట్టం పని చేసే చోటుగా గుర్తించలేదు. ఆమె అక్కడ ఊరికే కూర్చుందనుకుంటుంది.

మన కోర్టులు కూడా మంచి తీర్పులిచ్చాయి. ప్రకృతి వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ధర్మకర్త మాత్రమేనని 1996లో కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు అంది. గోవాలో వాయింగిణి బీచ్‌కి వెళ్ళే ప్రజల దారికి ఒక పెద్ద హోటలు అడ్డం కట్టినప్పుడు 2009లో ప్రజల పక్షాన నిలిచింది. రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరులో వచ్చిన తీర్పులో పల్లెకారులకు సముద్రానికి దారి మూసుకుపోవడం కూడా ప్రస్తావనకు వచ్చింది. ఆ తీర్పును 2005లో చట్టం తెచ్చి ఎలా నీరుగార్చారో నెల్లూరు తీరం స్త్రీలకు వేరే చెప్పనక్కరలేదు. భీమిలి ఇసుకలో లేచిన కాంక్రీటు గోడ వ్యవహారం హైకోర్టుకెక్కి, 2024లో కూల్చివేత దాకా వచ్చింది. ఇవన్నీ కావలసిన విజయాలే. అయినా గోడ కూలాక ఆ జాగాలో చేపలు ఎండబెట్టుకోవచ్చని ఎవరూ రాసివ్వలేదు.

నిబంధనలు మాత్రం సడలుతూ వచ్చాయి. 1991 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి సి.ఆర్.జెడ్. నోటిఫికేషన్ గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల వరకూ కొత్త కట్టడాలను నిషేధించింది. 2019 జనవరి నోటిఫికేషన్‌లో, చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనసాంద్రత వున్న గ్రామీణ తీరాల్లో దాన్ని 50 మీటర్లకు కుదించారు. పర్యాటకుల కోసం తాత్కాలిక పాకలు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు పోటు గీతకు పది మీటర్ల దూరంలోనే వేసుకోవచ్చన్నారు. తాత్కాలికమైన పాక పర్యాటకుడిదైతే సదుపాయం. ఎండు చేపల మీద మత్స్యకార స్త్రీ వేసుకున్న తాటాకు పందిరి అయితే? రుషికొండ బీచ్‌కి 2020లో 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు వచ్చినప్పుడు మనమూ సంతోషించాం. శుభ్రత ఎవరికి చేదు? చేప వాసన మాత్రం ఎప్పటి నుంచి మురికి లెక్కలోకి వెళ్ళిందో అడగడం మరిచిపోయాం.

ఇంత సడలించిన నోటిఫికేషన్లలో మనకు పనికొచ్చే వాక్యం ఒకటి మిగిలింది. తీర ప్రాంత నిర్వహణ ప్రణాళిక పటాల్లో మత్స్యకార గ్రామాలు, వాళ్ళ ఉమ్మడి ఆస్తులు, చేపలు ఎండబెట్టే స్థలాలు విడిగా గుర్తించాలని అందులో వుంది. ముసాయిదా మీద ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరపాలి. ఎండబెట్టే స్థలం పటంలో వుంటే దాని మీద కట్టడాన్ని సవాలు చేయవచ్చు. లేకపోతే అది కాగితం మీద ఖాళీ ఇసుక. ఆ సమావేశాలకు వెళ్ళేది ఎక్కువగా కులపెద్దలు, పడవల యజమానులు. వాళ్ళు జెట్టీ అడుగుతారు, ఐసు ఫ్యాక్టరీ అడుగుతారు. ఎండబెట్టే జాగా వాళ్ళ నోట రాదు. ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేర ఇప్పించడానికి ఇన్నేళ్ళు పనిచేసిన మన సంఘాలకు కూడా, ఆ పట్టా పల్లెకు మూడు కిలోమీటర్ల లోపల వస్తే ఆమె ఒడ్డు మీది పని ఏమవుతుందన్నది తట్టలేదు. ఈ విమర్శలో నన్ను నేను మినహాయించుకోవడం లేదు.

తీర జిల్లాల్లో పనిచేసే మిత్రులు తమ పల్లెల ముసాయిదా పటాలు తెప్పించుకుని, స్త్రీలను వెంటబెట్టుకుని ఇసుకలో నడిచి, ఎక్కడ పాట జరుగుతుందో, ఎక్కడ ఎండబెడతారో, ఎక్కడ చాటుకు వెళతారో సర్వే నంబర్లతో గుర్తించాలని కోరుతున్నాను. కొలతలు మీటర్లలో కాకపోయినా ఫరవాలేదు. ఆ పెద్దావిడనే, ఎంత జాగా కావాలని అడిగాను. వల తెచ్చి ఇసుకలో పరిచింది. ఒక ఇంటికి ఇంత అంది. పల్లెలో ఎన్ని ఇళ్ళో లెక్కపెట్టి రాసుకుంటుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. వానాకాలం సముద్రం ఇక్కడి దాకా వస్తుందట. అప్పుడు రోడ్డవతల దిబ్బ మీద ఆరబెడతారట. అది కూడా రాయమంది.