సర్వర్ లేవకపోతే ముందు లాగ్ చదవండి బాబూ!

టామ్‌క్యాట్ లేవకపోతే ఏ టీమ్‌లోనైనా జరిగే తంతు ఒకటే. ముందు రీస్టార్ట్. అప్పటికీ లేవకపోతే మెషీన్ రీస్టార్ట్. ఆ తర్వాత మొత్తం పీకేసి మళ్ళీ ఇన్‌స్టాల్. ఈలోగా పక్క సీటాయన వచ్చి "777 పర్మిషన్లు ఇచ్చేసి రూట్‌గా నడిపెయ్ గురూ" అని ఓ ఉచిత సలహా పడేస్తాడు. ఎలాగోలా లేస్తుంది. అందరూ టీకి వెళ్తారు. ఎందుకు పడిందో, ఎందుకు లేచిందో మాత్రం ఎవడికీ తెలీదు!

నన్నడిగితే ఇది పరిష్కారం కాదు, వాయిదా.

నిజానికి టామ్‌క్యాట్ పాపం ఏదీ దాచుకోదు. తన బాధంతా లాగ్స్ ఫోల్డర్లో రాసిపెడుతుంది. మనమే చదవం. పేజీ నిండా ఎర్రర్లు చూసి కంగారుపడి, కంటికి కనిపించిన మొదటి లైను గూగుల్లో పడేస్తాం. అసలు కారణం సాధారణంగా కిందెక్కడో, ఆఖరి "కాజ్డ్ బై" దగ్గరుంటుంది.

"అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అందనుకోండి. 8080 పోర్టుని ఇంకెవరో పట్టుకున్నారని అర్థం. చాలాసార్లు ఆ ఇంకెవరో సరిగ్గా ఆగని మన పాత టామ్‌క్యాటే. అదెవరో చూడకుండా పోర్టు 8081కి మారిస్తే, షట్‌డౌన్ పోర్టు 8005 దగ్గర మళ్ళీ అదే గొడవ.

"అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్" అంటే ఇంకా తేలిక. నంబరు కూడా తనే చెప్తుంది. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17. టెర్మినల్లో జావా 17 కనిపించినంత మాత్రాన సర్వీసు కూడా దాన్నే వాడుతోందని కాదు. దాని జావా హోమ్ ఎటు చూపిస్తోందో చూడాలి.

టామ్‌క్యాట్ 9లో బంగారంలా నడిచిన అప్లికేషన్ 10లో నడవట్లేదా? పదిసార్లు ఇన్‌స్టాల్ చేసినా నడవదు. 10 నుంచి సర్వ్‌లెట్ ప్యాకేజీల పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకి మారాయి. కోడ్ మార్చుకోవాలి, లేదా 9లోనే ఉండాలి.

ఇవన్నీ టైము తినేవి. అసలుకే ఎసరు తెచ్చేది ఇంకోటుంది. మేనేజర్ పేజీ వేరే మెషీన్ నుంచి తెరిస్తే 403 వస్తుంది. అది ఎర్రర్ కాదు, కాపలా. ఆ పేజీ మామూలుగా అదే మెషీన్ నుంచి మాత్రమే తెరుచుకోవాలి. మనవాళ్ళు ఆ వాల్వ్ లైను తీసేసి, యూజరూ పాస్‌వర్డూ రెండూ "అడ్మిన్" అని పెట్టేస్తారు. ఆ పేజీలోంచి ఎవరైనా తమ సొంత వార్ ఫైల్ ఎక్కించొచ్చు. సర్వర్ రూట్‌గా నడుస్తుంటే మెషీన్ మొత్తం వాళ్ళ చేతికే! తాళం పోయిందని తలుపే పీకేసినట్టు.

80 పోర్టు కోసమే రూట్ కావాలనేవాళ్ళు ముందు ఎన్‌జిన్‌ఎక్స్ పెట్టుకుని, వెనక టామ్‌క్యాట్‌ని మామూలు యూజర్‌తో నడుపుకోవచ్చు.

"అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే లాగ్ చదువుతూ కూర్చోమంటావా?" అంటారు. న్యాయమే. ముందు రీస్టార్ట్ చెయ్యండి. కానీ సర్వర్ బిగుసుకుపోయి ఉంటే, చంపేముందు ఒక్క థ్రెడ్ డంప్ తీసుకోండి. లేకపోతే ఆధారం దాంతోపాటే పోతుంది. తెల్లారాక కారణం వెతికి, దొరికింది రెండు లైన్లు రాసిపెట్టండి. మీ తర్వాత వచ్చేవాడు మీకు దణ్ణం పెట్టుకుంటాడు.

కొత్తగా చేరిన పిల్లలకి వారం వారం ఓ కొత్త ఫ్రేమ్‌వర్క్ నేర్పిస్తున్నాం. ముందు స్టాక్ ట్రేస్ చదవడం నేర్పిస్తే సగం అర్ధరాత్రి ఫోన్లు తగ్గుతాయని నా నమ్మకం. ఏమంటారు?