ముల్లు ఎర్రగీత దాటితే...

ద్వారకా తిరుమల కొండ మీద కొత్త లారీకి పూజ చేయించడం ఎప్పుడైనా చూశారా? ముందద్దానికి పసుపు, కుంకుమ బొట్లు. బంపరుకి బంతిపూల దండ. చక్రాల కింద నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టి, ఆ నిమ్మకాయలు నలిగేలా బండిని ముందుకు కదిలించారంటే ఇంటిల్లిపాదికీ గుండెల మీంచి బరువు దిగినట్టే. పెద్ద తిరుపతి వెళ్లలేనివాళ్ల మొక్కుల్ని కూడా అందుకునే చిన వెంకన్న మరి! ఇంక ఏ ఆపదొచ్చినా ఆయనే చూసుకుంటాడని ధీమా. ఒక్కటి మాత్రం ఆయన మీదకి నెట్టేయడానికి లేదు. డీజిల్ ముల్లు!

'అయిపోతే ఏముంది, క్యానుతో తెచ్చి పోసుకుంటే సరి' అనుకుంటాం మనం. అది స్కూటరు తెచ్చిపెట్టిన నమ్మకం. పాత చేతక్‌ని ఓ పక్కకి వంచి నాలుగు కిక్కులు కొడితే కదిలేది. బంకు దాకా తీసుకెళ్లేది కూడా. లారీని వంచలేం కదా. పైగా డీజిల్ ఇంజను తత్వమే వేరు.

ఓ రాత్రిని ఊహించుకోండి. హౌరాలో చేపలు దించేసి, ఖాళీ ట్రేలతో కైకలూరు తిరిగొస్తోంది ఓ లారీ. తాడేపల్లిగూడెం దాటింది, ఉంగుటూరు దాటింది. ఇంజను ఓసారి దగ్గింది.

''ఏంటి బాబాయ్, ఆగిపోయేలా ఉంది?''

''నోటితో అనకురా! పుల్ల దాటితే భీమడోలేగా. అక్కడ పోయిద్దాం.''

తాడేపల్లిగూడెంలో బంకులు లేకనా? ఉన్నాయి. కానీ ఇది రూపాయల లెక్క. 2024 చివర్లో విజయవాడలో లీటరు డీజిల్ సుమారు 97 రూపాయలుంటే భువనేశ్వర్‌లో 93 లోపే. అంటే 250 లీటర్లు పోయిస్తే వెయ్యి రూపాయలు మిగులు. అందుకే ఇచ్ఛాపురం అవతల ఒడిశాలోనే పోయించుకుని, దాంతోనే ఇల్లు చేరాలని చూస్తారు. ఇచ్ఛాపురం నుంచి మన ఏలూరు దాకా దాదాపు అయిదొందల కిలోమీటర్లు. లీటరుకి నాలుగు కిలోమీటర్లు వస్తుందని లెక్క కడితే కాగితం మీద సరిపోతుంది. దారిలో ట్రాఫిక్ ఆగినా, ఎదురుగాలి తగిలినా, టైర్లలో గాలి తగ్గినా ఆ లెక్క తప్పుతుంది. ఇందులో డ్రైవరుని ఒక్కడినే తప్పుపట్టలేం. ట్రిప్పుకింత డీజిల్ అని ఓనరు ముందే కొలిచిచ్చేచోట, ఎక్కువైతే అతని జేబులోంచే పోవాలి.

ఇంతకీ ఆ దగ్గు ఏమిటి? ట్యాంకులో డీజిల్ అడుగంటినప్పుడు బండి కాస్త కుదుపుకి లోనైనా, ఎత్తెక్కినా ఉన్న నాలుగు లీటర్లూ ఓ మూలకి జరుగుతాయి. పీల్చే గొట్టం నోట్లోకి గాలి వెళ్తుంది. దాంతోపాటే అడుగున పేరుకున్న మడ్డి, తుప్పు, నీళ్లు. నీళ్లెక్కడివంటారా? ట్యాంకులో ఖాళీ ఎంత ఎక్కువుంటే అందులో తేమ గాలి అంత ఎక్కువ. రాత్రి చల్లబడగానే ఆ తేమ చుక్కలై కిందికి దిగుతుంది. కొల్లేరు పక్క గాలిలో తేమకి కరువేముంది!

మడ్డి ఫిల్టరుకి అడ్డం పడుతుంది. గాలి ఇంకా మొండిది. డీజిల్‌ని నొక్కితే నొక్కుడు పడదు కనక పంపు తోసిన ఒత్తిడంతా ఇంజెక్టరు దాకా వెళ్తుంది. మధ్యలో గాలి బుడగ దూరిందంటే అది స్పాంజిలా నలిగి ఊరుకుంటుంది. ఇంజెక్టరు తెరుచుకోదు. మెకానిక్కుల భాషలో 'ఎయిర్ పట్టింది'.

ఇంజను ఆగితే ఆగేది ఇంజను ఒక్కటే కాదు. పవర్ స్టీరింగ్ పంపుని తిప్పేది అదే. కాబట్టి చక్రం ఒక్కసారిగా బండరాయంత బరువవుతుంది. బ్రేకులకి గాలి నింపే కంప్రెసరుని తిప్పేదీ అదే. సిలిండర్లలో నిల్వ ఉన్న గాలితో కొన్నిసార్లు బ్రేకు పడుతుంది. ఆ గాలీ తగ్గిపోతే చాలా లారీల్లో స్ప్రింగులు బ్రేకుల్ని బిగించేస్తాయి. ఆ తర్వాత పదిమంది నెట్టినా కదలదు. అందుకే అనుభవమున్న డ్రైవరు మొదటి దగ్గుకే బండిని ఎడమ అంచుకి దింపేస్తాడు. ఇంకో కిలోమీటరు లాగుదామని చూసినవాడు నడిరోడ్డు మీద నిలబడతాడు.

అసలు భయం అప్పుడే. చీకట్లో, వెనక లైట్లు కూడా వెలగని లారీ ఎంత దగ్గరికొచ్చినా తెలియదు. వెనక వేగంగా వచ్చే కారులో ఏ తిరునాళ్లకో పోయే కుటుంబం ఉండొచ్చు. ఎర్ర త్రికోణం బోర్డుని బండికి బాగా వెనక, దూరంగా పెట్టాలి. మనవాళ్లు చేసేది ఏంటంటే నాలుగు రాళ్లు పేర్చి, ఓ చెట్టుకొమ్మ గుచ్చడం. బండి వెళ్లిపోయాక కూడా ఆ రాళ్లు అక్కడే ఉంటాయి, ఇంకో మోటారుసైకిలు వాడి కోసం! జాతీయ రహదారి మీద సాయానికి 1033 ఉంది. ఏ వేళైనా పలుకుతుంది. నంబరు రాసిపెట్టుకోండి, కార్లవాళ్లకీ పనికొస్తుంది.

సరే, క్లీనరు ఏ మోటారుసైకిలో ఆపి వెళ్లి క్యానుతో డీజిల్ తెచ్చాడు, పోశారు. తాళం తిప్పితే స్టార్టవ్వదు. పట్టిన ఎయిర్ తీయాలిగా. పాత బండైతే ఫిల్టరు మీది బోల్టు కాస్త వదులు చేసి, చేతిపంపు కొడుతూ ఉండాలి. ముందు సబ్బునురగలాంటి డీజిల్ బుసబుసమంటూ వస్తుంది. బుడగ లేకుండా ధారగా వచ్చాక బోల్టు బిగించాలి. ఈలోగా ఊరికే స్టార్టరు కొట్టుకుంటూ కూర్చుంటే బ్యాటరీ కూడా దిగిపోతుంది. సెల్‌ఫోను లైటు పట్టేవాడు ఒకడు, పంపు కొట్టేవాడు ఒకడు. చొక్కాలకి డీజిల్ వాసన వారం పోదు.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 లారీల్లో ఈ చేతివాటం అంతగా సాగదు. వాటి హైప్రెషర్ పంపుకి డీజిలే కందెన. అది లేకుండా తిరిగితే లోపలి భాగాలు గీసుకుపోయి, ఆదా అయిన వెయ్యికి ఎన్నో రెట్లు వదులుతుంది. వీటిలో చాలావాటికి పొగలోని విషవాయువుల్ని తగ్గించే యూరియా ద్రావణం ట్యాంకు వేరే. అది నిండుకున్నా బండి ఊరుకోదు, తనంతట తనే బలం తగ్గించుకుంటుంది. ఒక ముల్లు చాలదన్నట్టు ఇప్పుడు రెండు!

అక్కడ కొల్లేరు పక్క చెరువు గట్టు మీద తెల్లారకముందే వల లాగేశారు. శీలావతి, బొచ్చె కుప్పలు పోసి ఉన్నాయి. ఐసు దిగింది, ట్రేలు సరిపోలేదు. రావాల్సినవి లారీలోనే ఉన్నాయి. కూలీలు గట్టున కూర్చున్నారు. ఎండ ఎక్కేకొద్దీ ఐసు కరుగుతోంది, రైతు ఫోను చేస్తూనే ఉన్నాడు.

''ఎక్కడున్నావయ్యా?''

''వచ్చేశానండీ... భీమడోలు!''

పుల్ల ఇంకా దాటలేదు.