వోల్టేజి పెంచితే బలం పెరగదు

అదనపు లైట్లు, పెద్ద ఆంప్లిఫయర్, డాష్‌క్యామ్ ఒక్కొక్కటే కారుకు తగిలించాక ఒకనాటి ఉదయం సెల్ఫ్ తీసుకోదు. ఎలాగో ఇంజిన్ స్టార్ట్ చేశాక లైటర్ సాకెట్‌లో గుచ్చిన చవక మీటరు 13.4 వోల్టులు చూపిస్తుంది. డైనమో నీరసించిందని యజమాని అక్కడికక్కడే తేల్చేస్తాడు. ఆపైన ఎవరో చెప్పిన చిట్కా ప్రకారం రెగ్యులేటర్‌కు వెళ్లే సన్నని తీగ మధ్యలో ఓ చిన్న డయోడ్ అతికిస్తారు. మీటరులో అంకె 14 దాటుతుంది, సమస్య తీరిందనుకుంటారు. నిజానికి అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది.

డయోడ్ కొత్తగా కరెంటు పుట్టించదు. రెగ్యులేటర్‌ను మోసగిస్తుంది, అంతే. బ్యాటరీ వోల్టేజి ఎంతుందో రెగ్యులేటర్ ఆ తీగ ద్వారానే కనిపెట్టి, డైనమోను ఎంత పనిచేయించాలో నిర్ణయిస్తుంది. మధ్యలో డయోడ్ చేరితే సుమారు 0.6 నుంచి 0.7 వోల్టు తక్కువ కనిపిస్తుంది. ఆ లోటు పూడ్చాలని రెగ్యులేటర్ వోల్టేజిని అంత మేర పైకి నెడుతుంది. 80 ఆంపియర్ల డైనమో మాత్రం 80 ఆంపియర్ల డైనమోగానే ఉంటుంది. వెయ్యి వాట్ల ఆంప్లిఫయర్ పూర్తిగా మోగితే ఒక్కటే 80 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ కొరతను ఏ డయోడూ తీర్చలేదు.

మీటరు చూపిన 13.4 లోపమేనా అన్నది ముందు వేసుకోవలసిన ప్రశ్న. లెడ్ యాసిడ్ బ్యాటరీ వేడెక్కేకొద్దీ దానికి ఇచ్చే వోల్టేజి తగ్గాలి. ఒక్కో డిగ్రీకి సుమారు 0.02 వోల్టు చొప్పున తగ్గించాలని లెక్క. 25 డిగ్రీల దగ్గర 14.4 వోల్టులు సరైనదైతే, 60 డిగ్రీల దగ్గర 13.7 చాలు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ట్రాఫిక్‌లో నిలిచిన కారు బానెట్ కింద ఆ వేడి అసాధారణం కాదు. అందుకే చాలా రెగ్యులేటర్లు వేడిని బట్టి తామే తగ్గుతాయి. బ్యాటరీని కాపాడటానికి తగ్గించిన ఆ 0.7 వోల్టునే డయోడ్ మళ్లీ తెచ్చి నెత్తిన పెడుతుంది. కొత్త కార్లలో ఇంజిన్ కంప్యూటరే ఇంధనం ఆదా కోసం డైనమోను అప్పుడప్పుడు కావాలని తగ్గిస్తుంది. అలాంటి కారులో తక్కువ అంకె చూసి కంగారుపడటం అనవసరం, వైరింగ్‌లో వేలు పెట్టడం హానికరం.

అతిగా ఛార్జయిన బ్యాటరీ, కడుపు నిండినవాడికి కొసరి కొసరి వడ్డించినట్టే, తీసుకోలేనిదాన్ని బయటికి నెడుతుంది. లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోతుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. మూత తెరవడానికి వీల్లేని మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీలో పోయిన నీటిని మళ్లీ పోసే దారీ లేదు. పెట్టె పొంగడం, కుళ్లిన గుడ్డు వాసన రావడం చివరి హెచ్చరికలు. ఆ స్థితిలో టెర్మినల్ దగ్గర స్పానర్ జారి నిప్పురవ్వ లేస్తే యాసిడ్ ముఖాన చిమ్మవచ్చు, కళ్లు పోవచ్చు.

ఆ డయోడే కాలిపోతే? తీగ తెగినట్టవుతుంది. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయిందనుకుని కొన్ని రకాల రెగ్యులేటర్లు డైనమోను పూర్తి జోరుతో నడుపుతాయి. వోల్టేజి 16 దాటితే బల్బులతో పాటు ఖరీదైన కంట్రోల్ యూనిట్లూ ప్రమాదంలో పడతాయి. డైనమో పనిచేస్తోందో లేదో చూడటానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకే పాత అలవాటు కూడా ఇంతే చెడ్డది. ఆ క్షణంలో వోల్టేజి వంద వోల్టుల దాకా ఎగరవచ్చు. పాత కార్లు దాన్ని తట్టుకున్నాయేమో, నేటి కార్లు తట్టుకోవు. పాత బ్యాటరీ తీసి లిథియం బ్యాటరీ బిగించేవారికీ ఇదే ముప్పు. అది నిండగానే దాని రక్షణ సర్క్యూట్ హఠాత్తుగా తెంచుకుంటే డైనమోకు తీగ పీకినట్టే అవుతుంది.

చట్టం లేకపోలేదు. అనుమతి లేని మార్పులు చేయించే యజమానికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చంటోంది. కానీ బానెట్ కింద తీగలో దాగిన డయోడ్ ఏ తనిఖీలో కంటపడుతుంది? సొంత కారుకు రిజిస్ట్రేషన్ గడువైన 15 ఏళ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్షే ఉండదు. ప్రమాదం జరిగాక బీమా సర్వేయర్ కంట పడితే మాత్రం క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

కాబట్టి జాగ్రత్త షెడ్డులోనే మొదలుకావాలి. బ్యాటరీ డౌనవుతోందంటే ముందు దాని వయసు, టెర్మినళ్లకు పట్టిన చిలుము, ఎర్త్ తీగ, డైనమో బెల్టు, బండి ఆపాక కూడా కరెంటు లాగుతున్న పరికరాలు చూడాలి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. అదనపు పరికరాల ఆంపియర్లు కూడి, డైనమో సామర్థ్యాన్ని మించితే వాటిని తగ్గించాలి, లేదా ఆ మోడల్‌కు తయారీదారు ఆమోదించిన పెద్ద డైనమో వేయించాలి. బ్యాటరీ నుంచి లాగే ప్రతి అదనపు తీగకూ బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. విజయవాడ ఆటోనగర్ నుంచి మండల కేంద్రాల షెడ్ల దాకా పనిచేసే ఆటో ఎలక్ట్రీషియన్లకు కొత్త ఛార్జింగ్ వ్యవస్థలపై శిక్షణ ఇప్పించే బాధ్యత కార్ల కంపెనీలు, రవాణా శాఖ పంచుకోవాలి. డయోడ్ పెట్టమని అడిగిన గిరాకీని వద్దని వెనక్కి పంపే ధైర్యం ఆ శిక్షణతోనే వస్తుంది.

ఇప్పటికే డయోడ్ పెట్టించుకున్నవారు ఎండలు ముదరకముందే దాన్ని తీయించాలి. రెగ్యులేటర్ తీగను మునుపటిలా కలిపించి, బ్యాటరీ పొంగిందేమో తెలిసినవారికి చూపించుకోవాలి. పొంగిన బ్యాటరీని మాత్రం మళ్లీ ఛార్జింగుకు పెట్టవద్దు.